మా ఇంట్లో మూడో ఓటు

ఎన్నికలు వస్తే మా వీధిలో మనుషుల్ని లెక్కపెట్టరు, ఇళ్ళను లెక్కపెడతారు. మూలమీది వాళ్ళవి ఐదు ఓట్లు, మేడమీద అద్దెకున్న వాళ్ళవి రెండు, ఇస్త్రీ బండి వాళ్ళవి నాలుగు. ఈ లెక్కలో మా ఎదురింటి బాబాయి గారు ఆరితేరినవారు. సహకార బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. మాకు చుట్టం కాదు గానీ, నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆయన నాకు బాబాయి గారే, నేను ఆయనకు అమ్మాయినే. ప్రతి ఎన్నికకూ ఒక పార్టీ తరఫున బూత్‌లో ఏజెంటుగా కూర్చుంటారు. ఏ పార్టీయో, ఏ నియోజకవర్గమో చెప్పను. చెబితే అభ్యర్థుల పేర్లు చెప్పినట్టే, వాళ్ళ పేర్లతో నాకేం పని? మాది బెజవాడ, బందరు కాలవకు కాస్త దగ్గర. అంతవరకు చాలు.

మొన్నటి అసెంబ్లీ ఎన్నికలకు ముందు, ఎండలు ముదురుతుండగా, బాబాయి గారు మా గేటు దగ్గర ఆగి పైకే లెక్క వేశారు.

"మీ ఇంట్లో మూడు కదమ్మాయ్. మీ ఆయనదొకటి, నీదొకటి. పాపకి కొత్తగా వచ్చింది. పాపదెటూ నువ్వే వేస్తావు. అంటే రెండు నీ చేతిలోవేగా!"

మెచ్చుకోలుగానే అన్నారు పాపం. నేనూ నవ్వాను. ఆ మాటకొస్తే నేనూ అలాగే అనుకుంటున్నాను.

వరండాలోంచి మా అమ్మాయి గొంతు వచ్చింది. "ఎవరి చేతిలో?"

బాబాయి గారికి ఆ మాట అర్థం కాలేదు. "ఏమంటోంది పాప?" అని నన్నడిగారు. "ఏం లేదు బాబాయి గారూ, ఎండగా ఉంది వెళ్ళిరండి అంటోంది" అని సాగనంపేశాను.

మా అమ్మాయికి పంతొమ్మిదేళ్ళు. పుట్టినప్పుడు ఊపిరి అందడం ఆలస్యమైంది. దానివల్ల చేతులూ కాళ్ళూ చెప్పిన మాట వినవు, ఉన్నట్టుండి బిగుసుకుపోతాయి. బ్యాటరీ కుర్చీలో తిరుగుతుంది. మాట నెమ్మదిగా, ముద్దగా వస్తుంది, కొత్తవాళ్ళు వెంటనే పట్టుకోలేరు. బుర్ర మాత్రం పాదరసం. నోరు నా పోలిక.

నేను ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ టీచర్ని. మా ఆయనకు హనుమాన్ జంక్షన్‌లో మోటార్లు రిపేరు చేసే షాపుంది. పొద్దున బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రాక. కాబట్టి అమ్మాయి పనంతా నాదే. నీళ్ళు పోయడం, జడ వేయడం, అన్నం కలిపి పెట్టడం. దాని వీపు మీద పుట్టుమచ్చ ఎక్కడుందో నాకు తెలుసు, దానికి తెలియదు. దాని ఫోను లాకు నాకు తెలుసు, ఎందుకంటే వేళ్ళు బిగుసుకున్న రోజు నేనే తీయాలి. స్నేహితురాలికి పంపే మెసేజీ కూడా ఒక్కోసారి అది చెబుతుంటే నేనే కొడతాను. నేను కొడుతున్నానని తెలిసి అది ఆ స్నేహితురాలికి ఏం చెప్పకుండా మింగేస్తుందో అన్నది నాకు అప్పట్లో తట్టలేదు. పైగా నా నోట్లో నువ్వుగింజ నానదు. చుట్టాలింటికి వెళితే దాని సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పేసి వస్తాను.

ఆ సాయంత్రం అన్నం పెడుతుంటే అది ముద్ద మింగి, ఊపిరి తీసుకుని, ఒక్కో మాటా పేర్చినట్టు చెప్పింది.

"నా ఓటు నేనే వేస్తాను. నా వేలితో. ఎవరూ చూడకూడదు."

"ఎవరూ అంటే?"

"నువ్వు కూడా."

చివుక్కుమంది. దాచుకోవడమెందుకు, బాగానే చివుక్కుమంది. "నేనేమన్నా పరాయిదాన్నటే?" అన్నాను.

"కాదు. ఓటరువి."

మా ఆయన పక్కకు తిరిగి నవ్వారు. నాకు ఇంకా మండింది. ఏటా ఎనిమిదో తరగతికి రహస్య ఓటు పాఠం చెప్పేది నేను. బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి, కింద గీత గీసి మరీ చెబుతాను. నా పాఠం నాకే అప్పజెబుతోంది పిల్ల.

వారం తిరక్కుండానే ఓటర్ల జాబితా చూసే ఆవిడ ఇంటికొచ్చింది. మంచి మనిషి, చెమటలు కక్కుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతోంది. ఇలాంటి పిల్లలకు ఈసారి ఇంటి దగ్గరే ఓటు వేసే ఏర్పాటుందని, సంతకం పెడితే చాలని చెప్పింది. "అధికారులే వస్తారండీ. మీరంతా పక్కనుండి హాయిగా వేయించెయ్యొచ్చు" అంది.

"అందుకే వద్దు" అంది మా అమ్మాయి.

ఆవిడ నావైపు తిరిగింది. చెప్పాను, తప్పుతుందా. "బూత్‌కే వస్తుందటండీ." ఆవిడ జాలిగా తల ఊపి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఆ ఎండలో, ఆ జనంలో, చెయ్యి సరిగ్గా అప్పుడే బిగుసుకుంటే? పక్క బొత్తాం నొక్కేస్తే? అందరూ చూస్తుండగా అది ఏడిస్తే నేను తట్టుకోగలనా? ఇవన్నీ దానితో అనలేదు. మా ఆయనతో అన్నాను, కాలవగట్టు మీద కూరగాయలు కొంటూ. "నువ్వూరుకో. తప్పు బొత్తాం నేనూ నొక్కాను ఒకసారి, దేశం ఏమీ మునిగిపోలేదు" అన్నారు.

సరే, వేస్తావు బాగానే ఉంది, ఎవరికి వేయాలో ఎలా తేల్చుకుంటావని అడిగాను. దానికి ముందే ఆలోచించి పెట్టుకుంది. "పరీక్ష పెడదాం."

బెజవాడలో పుట్టిన పిల్ల అలాగే ఆలోచిస్తుంది మరి. ఇక్కడ గోడ ఖాళీగా కనిపిస్తే ర్యాంకు వచ్చిన పిల్లల ఫొటోలు అంటిస్తారు. చిన్నప్పటి నుంచీ దాని కిటికీకి ఎదురుగా ఉన్నది కోచింగ్ సెంటర్ హోర్డింగే. కాబట్టి అభ్యర్థులకు మార్కులు, తప్పు చెబితే నెగటివ్ మార్కులు. నేను పేపర్లు దిద్దితే దయగా దిద్దుతాను, చివరి లైను రాసినా ఒక మార్కు పడేస్తాను. అది అలాంటి రకం కాదు.

ప్రశ్నలు మూడే. అది ఇంటరు ప్రైవేటుగా కట్టి పాసైంది. డిగ్రీ మాత్రం కాలేజీకి వెళ్ళే చదువుతానని పట్టుబట్టింది. మాకు దగ్గరున్న కాలేజీలో దాని గ్రూపు క్లాసులు మేడమీద, లిఫ్టు లేదు. అందుకని మొదటి ప్రశ్న: నాలాంటివాళ్ళు క్లాసుకి ఎలా వెళ్ళాలి? రెండోది: బస్సు ఎలా ఎక్కాలి? మూడోది: మా గురించి అసెంబ్లీలో మీరు అడగబోయే మొదటి ప్రశ్న ఏమిటి?

పెన్షన్ పెంచుతామంటే మార్కుల్లేవు. "పెన్షన్ వద్దా?" అంటే, "కావాలి. కానీ అది నేనడిగిన ప్రశ్న కాదుగా" అంది. దేవుడి బిడ్డ అంటే నెగటివ్. పాపం అంటే నెగటివ్. దాన్ని వదిలేసి నాతో మాట్లాడితే నెగటివ్.

"మరి నేను మధ్యలో కల్పించుకుంటే?"

"నీకూ నెగటివే."

ముందు వచ్చినాయన అప్పటికే ఎమ్మెల్యే. బాబాయి గారి పార్టీ. డప్పులు, కండువాలు, గేటు గేటుకీ హారతి పళ్ళేలు. వయసు మళ్ళిన మనిషి, నవ్వు మొహం. బాబాయి గారే తీసుకొచ్చి వరండాలోకి దారి చూపించారు. మా అమ్మాయి మొదటి ప్రశ్న మొదలుపెట్టింది. దాని మాట సగంలో ఉండగానే ఆయన వెనక్కి చెయ్యి చాచారు. ఎవరో చేతిలో శాలువా పెట్టారు. మే నెల బెజవాడ ఎండలో, జరీ అంచు శాలువా! దాని భుజాల చుట్టూ కప్పి, నాకు దణ్ణం పెట్టి, "ఇలాంటి బిడ్డను సాకుతున్న తల్లికి పాదాభివందనం చెయ్యాలమ్మా" అన్నారు. చప్పట్లు కొట్టారు.

మావైపు ఇదొక జబ్బు. ఎవరైనా ప్రశ్న అడిగితే సన్మానం చేస్తారు. శాలువా కప్పుకున్నాక ఇంకేం అడుగుతాం? కానీ ఆ శాలువా చివర జారి కుర్చీ నడిపే పిడికి చుట్టుకుంది. మా అమ్మాయి దాన్ని లాగబోయింది. కుర్చీ ఒక్క ఉదుటున ముందుకు కదిలింది. ఎమ్మెల్యేగారు తప్పుకుంటూ హారతి పళ్ళెం మీద పడబోయారు, కర్పూరం నేలపాలైంది, డప్పుల వాళ్ళు అర్థంకాక ఇంకా గట్టిగా వాయించారు. నేను పరిగెత్తి స్విచ్చి ఆపాను. అయ్యో అయ్యో అనుకుంటూ ఊరేగింపు పక్కింటికి వెళ్ళిపోయింది.

మా అమ్మాయి చాలాసేపు నవ్వింది. నవ్వితే దానికి ఒళ్ళంతా కదులుతుంది, నేను పట్టుకోవాలి. నవ్వు తగ్గాక, "ప్రశ్నకి జవాబు శాలువా. నెగటివ్" అంది.

రెండో ఆయన వ్యాపారస్తుడు, వయసులో చిన్నవాడు, గన్నవరంలో విమానం దిగి నేరుగా ప్రచారానికొచ్చే రకం అని మా వీధిలో అనుకునేవారు. ఆయన కన్నా ముందు కెమెరా వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని, మా అమ్మాయి చెయ్యి పట్టుకుని, దాని ప్రశ్న మొత్తం విన్నారు. అంతవరకు బాగుంది. జవాబు మాత్రం కెమెరాకు చెప్పారు. లిఫ్టులు పెట్టిస్తారట, రాష్ట్రమంతా. "మా కాలేజీలో ఎన్ని అంతస్తులు?" అని అడిగింది అది. ఆయనకు అర్థం కాలేదు, నావైపు చూశారు. నా నాలుక చివరి దాకా వచ్చింది. పళ్ళు బిగించి ఆపుకున్నాను. ఆయన పక్కనున్న కుర్రాడు టైమైపోతోందన్నాడు. తర్వాత వాళ్ళు పంపిన వీడియోలో మా అమ్మాయి నవ్వుతున్న మొహం ఉంది, ఆయన జవాబు ఉంది, దాని ప్రశ్న లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. చిత్రమేమిటంటే, వాళ్ళ పార్టీ మేనిఫెస్టో అంతా ఓపిగ్గా ఫోనులో చదివిన మా అమ్మాయి, "మెట్లు లేని బస్సుల గురించి వీళ్ళే సరిగ్గా రాశారు. ఎవరో తెలిసినవాళ్ళు రాసిపెట్టారు" అని కొన్ని మార్కులు వేసింది. నేనైతే గుడ్డిసున్నా చుట్టేదాన్ని.

మూడో ఆవిడ లాయరు. పెద్ద పార్టీ కాదు, ఒక ఆటో, దానికొక మైకు, అంతే. వస్తానన్న వేళకు రాలేదు. వచ్చాక ముందు మజ్జిగ అడిగి తాగింది, అప్పుడు కుర్చీ మా అమ్మాయికి ఎదురుగా లాక్కుని కూర్చుంది. ఒక మాట అర్థం కాకపోతే "మళ్ళీ చెప్పమ్మా" అంది. ఇంకోసారీ అర్థం కాకపోతే ఇంకోసారీ అడిగింది. నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. అది చూసి నాకు ముచ్చటేసింది గానీ, జవాబు విన్నాక ఒళ్ళు మండింది.

"లిఫ్టు పెట్టిస్తానని అబద్ధమాడను. గెలిచినా అది ఏళ్ళ మీద పని. నీ క్లాసు కిందికి మార్చమని ప్రిన్సిపాల్‌ని అడిగావా?"

"లేదు."

"చట్టం నీ వైపుంది. వెళ్ళి అడుగు. దానికి ఎమ్మెల్యే ఎందుకు?"

లేచి వెళ్ళిపోయింది. ఏమిటా విసురు! ఓటు అడగడానికి వచ్చిందా, పని చెప్పడానికి వచ్చిందా? అడగందే అమ్మైనా పెట్టదంటారు నిజమే, కానీ అడుక్కోవడానికి మేమే తిరగాలా అని గిన్నెలు కడుగుతున్నంతసేపూ సణిగాను. మా అమ్మాయి మాత్రం, "నాతో మాట్లాడింది" అంది.

మర్నాడే కాలేజీకి ప్రయాణం కట్టించింది. ఆటోకి పలక వేసి కుర్చీ ఎక్కించేసరికి నా నడుం విరిగింది. ప్రిన్సిపాల్ గారు కిందికి దిగి వచ్చారు. "చెప్పండమ్మా" అని నన్నే అడిగారు. నేను చెట్టుమీది కాకిని చూస్తూ నిలబడ్డాను. ఇంత కష్టమైన పని నా జన్మలో చెయ్యలేదు. ఆయన కాసేపు తికమకపడి, చివరికి వంగి, దాని మాట విన్నారు. ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు. లైబ్రరీ పక్కన కింద ఒక గది ఖాళీగా ఉందని, ఆ గ్రూపును అందులోకి మార్చడం పెద్ద పనేం కాదని, గుమ్మం దగ్గర కుర్చీ ఎక్కేలా సిమెంటు వాలు కట్టిస్తానని అన్నారు. ఇంతవరకు ఎవరూ అడగలేదు తల్లీ, అని ఆయనే నొచ్చుకున్నారు.

ఇంటికొస్తూ, "చూశావా, ఆవిడన్నట్టే అయింది. ఇక ఎమ్మెల్యేలతో పనేముంది?" అన్నాను.

అది ఆటో చప్పుడులో వినబడేలా చాలా కష్టపడి చెప్పింది. "నాకు మంచి ప్రిన్సిపాల్ దొరికారు. దొరకనివాళ్ళో? ఊరూరా ఒక్కొక్కళ్ళు బతిమాలుకోవాలా?"

పాఠాలు చెప్పే దాన్నే గానీ, ఎమ్మెల్యే అనేవాడు ఎందుకున్నాడో అంత తేలిగ్గా ఏ పిల్లలకూ ఎప్పుడూ చెప్పలేదు.

ప్రచారం ముగిసే ముందు ఒక పొద్దున గేటు చప్పుడైంది. శాలువా ఎమ్మెల్యేగారు. డప్పుల్లేవు, వెంట బాబాయి గారొక్కరే. మా గుమ్మానికి పక్కన మెట్లున్నాయి, మధ్యలో మా ఆయన వేయించిన వాలు ఉంది. ఆయన మెట్లు చూసి ఆగి, రెయిలింగ్ పట్టుకుని, వాలు మీదుగా ఎక్కి వచ్చారు.

"మోకాళ్ళు పోయాయమ్మా. ఎన్నికలవగానే ఆపరేషన్. ఊరంతా మెట్లే, ఎక్కడికెళ్ళినా ఎవరో ఒకరు చంకల కింద చేతులేసి లేపుతున్నారు. సిగ్గేస్తోంది" అని మా అమ్మాయి ముందు కూర్చున్నారు. "ఆ రోజు నువ్వేదో అడిగావు. నేను వినలేదు. మళ్ళీ అడుగు."

అది మూడో ప్రశ్న అడిగింది. ఆయన ఓపిగ్గా విన్నారు. "ఇన్నేళ్ళలో మీ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదమ్మా అసెంబ్లీలో. అబద్ధమెందుకు? తోచలేదు" అన్నారు.

"ఇప్పుడు తోచిందా?"

"మోకాళ్ళు తోచేలా చేశాయి" అని నవ్వేశారు. గెలిస్తే ముందు కాలేజీల సంగతే అడుగుతానన్నారు. వెళ్ళేటప్పుడు నాకు దణ్ణం పెట్టలేదు, దానికి పెట్టారు.

ఎన్ని మార్కులు వేశావే అంటే అది చెప్పలేదు. ముందు చెప్పిన మార్కులన్నీ కూడా ఇప్పుడు లెక్కలోకి రావంది. ఒక్కటంటే ఒక్క ముక్క బయటపెట్టలేదు. నాకు అన్నం సయించలేదంటే నమ్మండి. శాలువా ఆయన మారినట్టే ఉన్నాడు, కానీ ఏరు దాటాక తెప్ప తగలేసే వాళ్ళను ఎంతమందిని చూడలేదు? వ్యాపారస్తుడి మొహం నాకు పడదు, కాగితం మీద మాత్రం బాగుంది. లాయరమ్మ నిక్కచ్చి మనిషి, గెలిచే ఆశ లేదు. మా అమ్మాయి మనసులో ఎవరున్నారు? కాఫీ ఇస్తూ అడిగాను, జడ వేస్తూ అడిగాను. "జడ వెయ్యమ్మా" అంది.

ఈలోగా మా ఆయన ఒక పని చేశారు. షాపులో పాత కాలింగ్ బెల్ స్విచ్చులు ఏరి, ఒక చెక్కకు వరసగా బిగించి, ఏది నొక్కినా 'కీ' మని మోగేలా ఇంటికి పట్టుకొచ్చారు. ముందే అధికారులను అడిగి బూత్‌లో బల్ల ఎత్తు ఎంతుంటుందో కూడా కనుక్కున్నారు. కుర్చీ బల్ల కిందికి దూరదు, కాబట్టి పక్కనుంచి వెళ్ళి చెయ్యి చాపాలి. డైనింగ్ టేబుల్ మీద అట్టముక్క నిలబెట్టి, దాని వెనక ఆ చెక్క పెట్టి, తండ్రీకూతుళ్ళు సాధన మొదలుపెట్టారు. మొదట్లో రెండు స్విచ్చులు ఒక్కసారే నొక్కుకుపోయేవి. చెయ్యి బిగుసుకుంటే అది కళ్ళు మూసుకుని, ఊపిరి వదిలి, ఆగేది. ఆగడం నేర్చుకుంది. ఇల్లంతా కీకీమంటుంటే పక్కింటివాళ్ళు ఏమిటని అడిగారు. "పరీక్షకు చదువుతోంది" అన్నాను.

పోలింగ్ రోజు పెందలాడే బయల్దేరాం. బూత్ మా వీధి చివర బడిలోనే. వాలు పెట్టారు, కుర్చీ ఇబ్బంది లేకుండా ఎక్కింది. వరసలో ముందుకు రమ్మన్నారు. మా ఆయన ఓటు వేసి బయటికెళ్ళారు, నేనూ వేశాను. తర్వాత దాని వంతు.

లోపల ఏజెంట్ల బెంచీ మీద బాబాయి గారు కూర్చుని ఉన్నారు. చేతిలో జాబితా. దాని పేరు చదవగానే అధికారి తలెత్తి చూసి, "తల్లిగారు తోడు రావచ్చండి. మీరే నొక్కొచ్చు" అన్నారు నాతో. బాబాయి గారు కూడా సాయంగా, "అవునండీ, వాళ్ళమ్మే వేస్తుంది" అన్నారు.

మా అమ్మాయి నోరు తెరిచింది. కంగారులో మాట మరీ ముద్దగా వచ్చింది. అధికారికి అర్థం కాలేదు. మళ్ళీ అంది. వెనక వరసలో ఎవరో నిట్టూర్చారు. అధికారి నావైపు చూశారు. బాబాయి గారు నావైపు చూశారు. గదిలో వాళ్ళందరూ నావైపే చూశారు. ఒక్క మాట నేనంటే అయిపోతుంది. కానీ నా నోటి మాట మీద అది వేసిన ఓటు దానిది ఎలా అవుతుంది?

నేను తలుపు వైపు నడిచాను. పుట్టాక దాన్ని ఇంతమందిలో ఒంటరిగా వదిలి వెళ్ళింది అదే మొదలు.

గుమ్మం బయట నిలబడ్డాను. లోపల అధికారి కుర్చీ జరిపిన చప్పుడు, తర్వాత ఆయన గొంతు, ఈసారి మెల్లగా: "మళ్ళీ చెప్పమ్మా. తొందరేం లేదు." అది చెప్పింది. "ఓహో, మీరే వేస్తారా? వెయ్యండి, వెయ్యండి." సిరా పూసినట్టున్నారు, చల్లగా ఉందో ఏమో, అది చిన్నగా నవ్వింది. కుర్చీ మోటారు గుర్రుమంటూ అట్టతెర వైపు కదిలింది.

తర్వాత ఏ చప్పుడూ లేదు. ఎంతసేపటికీ లేదు. మా ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డారు. చెయ్యి బిగుసుకుని ఉంటుంది, కళ్ళు మూసుకుని ఆగి ఉంటుంది, అనుకున్నాను. వెనక వరసలో ఎవరో "ఇంకా ఎంతసేపండీ" అంటే, లోపలి నుంచి అధికారే "ఆవిడకి ఎంతసేపు పడితే అంతసేపు" అన్నారు. ఆవిడ! మా అమ్మాయిని పాప అనకుండా ఆవిడ అన్న మొట్టమొదటి మనిషి ఆయనే. ఆయన చల్లగా ఉండాలి.

అప్పుడు మోగింది. పొడవుగా, కీ మని.

మా ఆయన కళ్ళు తుడుచుకున్నారు. బయటికొచ్చిన దాని మొహం చెమటతో నిండిపోయింది, జుట్టు నుదుటికి అంటుకుంది. నేను కొంగుతో తుడవబోయాను. "ఎవరికేశావే?" అని నోరు జారింది, జారదా మరి. అది ఎండకు కళ్ళు చికిలించి, సిరా వేలు నా ముక్కు మీద పెట్టింది.

సాయంత్రం బాబాయి గారు బూత్ నుంచి అలసిపోయి వచ్చారు. జాబితాలో టిక్కులు పెట్టుకుంటూ గేటు దగ్గర ఆగారు. "మీ ఇంటివి మూడూ పడ్డాయమ్మాయ్. పాపది మనకేగా?"

"నాకు తెలీదు బాబాయి గారూ."

"తల్లివి నీకు తెలీకపోడమేంటమ్మా!"

"మీరు మా ఇంటికి రెండే లెక్కేసుకోండి. మూడో ఓటరు వరండాలో ఉంది. అడగండి, చెబితే వినండి."

ఆయన గేటు తీసుకుని, వరండాలోకి నడిచారు. ఇన్నేళ్ళుగా నాతో మాట్లాడి వెళ్ళిపోయే మనిషి స్టూలు లాక్కుని దాని ఎదురుగా కూర్చున్నారు. "ఏమ్మా, నీ ఓటు ఎవరికేశావు?" అని దాన్నే అడిగారు.

"చెప్పను" అంది మా అమ్మాయి. ఆ మాట ఆయనకు మొదటిసారికే అర్థమైంది.

బాబాయి గారు జాబితా మడిచి జేబులో పెట్టుకుని, నావైపు చూసి నవ్వారు. నేను తెలియనట్టు మొహం పెట్టాను. పెట్టడమేమిటి, నిజంగానే తెలియదు. ఈ పంతొమ్మిదేళ్ళలో నా కూతురి గురించి నాకు తెలియని మొదటి సంగతి అదే. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద పాలు పెట్టాను. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. దానికొక రహస్యం ఉంది. ఇక ముందు ఇంకా చాలా ఉండాలి, నాకు ఒక్కటీ తెలియకూడదు, అనుకుంటూ పాలు పొంగుతుంటే దించాను.